మొండోడికి తోడు

"ఎక్కడున్నావు బాబాయ్?"

"బందరు బస్టాండులో. ఇప్పుడే దిగాను."

"టిఫిను చేశావా?"

"ఆఁ."

"ఏం తిన్నావు?"

పున్నయ్య ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఎదురుగా ఉన్న ఆటోల వంక చూశాడు. ఏమీ తినలేదు గనక చెప్పడానికేమీ దొరకలేదు.

"అబద్ధమైనా సరిగ్గా ఆడవు కదా! ఆటో ఎక్కి తిన్నగా వచ్చెయ్. పెసరట్టు పోయిస్తాను. మొండోడి సంగతి నువ్వే తేల్చాలి. మీ అల్లుడు గారు వాణ్ణి వెళ్ళగొట్టేదాకా ఊరుకునేలా లేరు."

మొండోడంటే మనిషి కాదు, చేప. జ్యోతిర్మయి పున్నయ్యకి అన్నకూతురు. ఆమె, ఆమె భర్త దుర్గాశ్రీనివాస్ కలిసి గిలకలదిండి వెళ్ళే రోడ్డు మీద చేపల భోజనం హోటలు నడుపుతున్నారు. హాల్లో గోడ పొడుగునా ఒక అద్దాల తొట్టి ఉంది. గుడివాడలో ఎవరో పెద్ద బట్టల కొట్టు ఎత్తేస్తుంటే దుర్గాశ్రీనివాస్ దాన్ని కొని, లారీలో పరుపుల మధ్య పడుకోబెట్టి తెచ్చాడు. నలుగురు మనుషులు కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు అందులో. బట్టల కొట్టువాళ్ళు మంచినీళ్ళ చేపలు పెంచారు. ఇతనికి అవి ఆనలేదు. సముద్రం పక్కన హోటలు పెట్టి చెరువు చేపల్ని చూపిస్తే జనం నవ్వుతారన్నాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరి నీళ్ళు బురద, ఉప్పు చాలదు. అందుకని నీళ్ళు నీలంగా మారేంత దూరం పోయే బోట్లవాళ్ళ చేత డ్రమ్ముల్లో పట్టించి తెప్పించాడు. రాళ్ళు పేర్పించాడు. నీళ్ళు తిరగడానికి పంపులు పెట్టించాడు. తొట్టి తయారైంది గానీ హోటలుకి జనం రాలేదు.

ఆ రోజుల్లోనే ఏసుబాబు బోటులో గాలానికి ఒక ట్రిగ్గర్ చేప పడింది. హార్బరులో దాన్ని ఎవరూ పట్టించుకోరు. తోలు మందం, వీపు మీద ముల్లు గట్టి, చివరికి ఎండబెట్టే కుప్పలోకి పోతుంది. పెదవి చీరుకుపోయి ఇంకా కొట్టుకుంటున్నదాన్ని ఏసుబాబు బకెట్టులో వేసి తెచ్చి జ్యోతిర్మయికిచ్చాడు. ఆమె తొట్టిలో వదిలింది. అది రాయి సందులో దూరి, వీపు ముల్లు లేపి బిగించుకుంది. రెండు రోజులు బయటికి రాలేదు. మూడోనాడు ఆమె వెదురుపుల్ల చివర గుచ్చి పట్టిన రొయ్యముక్కని లాక్కుని, పుల్ల కూడా కొరికేసింది. అప్పుడే పేరు పడింది.

ఖాళీ కుర్చీలకి కాపలా కూర్చున్న ఆ నెలల్లో, ఆమెను చూసి కదిలే ప్రాణి ఆ హాల్లో అదొక్కటే. పొద్దున్నే ఆమె షట్టరు ఎత్తగానే అద్దం దగ్గరికి వచ్చి నిలబడేది. ఒక కన్ను ఆమె వైపు, ఇంకో కన్ను పుల్లలుండే డబ్బా వైపు. దాని కళ్ళు దేనికది విడిగా తిరుగుతాయి.

తర్వాత జనం రావడం మొదలైంది. దుర్గాశ్రీనివాస్ సంబరపడి చెన్నై నుంచి చిన్న చిన్న రంగు చేపలు తెప్పించాడు. మొండోడు ఒక్కొక్కటీ చించాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం, చిన్నపిల్లతో వచ్చిన కుటుంబమొకటి సగం తోకతో తేలుతున్న చేపను చూసి విస్తరి ముందు నుంచి లేచిపోయింది. ఆ రోజుతో దుర్గాశ్రీనివాస్‌కి దాని మీద మనసు విరిగింది.

"వచ్చే ఆదివారం ఏసీ హాలు తెరుస్తున్నాను మావయ్యా," అన్నాడు పున్నయ్యకి మంచినీళ్ళిస్తూ. "అంత తొట్టిలో ఒక్క చేప ఉంటే బావుండదు. ఆలోగా దానికి తోడు కుదిరిందా, సరే. కుదరలేదా, శనివారం పొద్దున్న ఏసుబాబు వచ్చి పట్టుకుపోతాడు. మెత్తని చేపలు తెప్పించుకుంటాను."

"పట్టుకుపోయి?"

"సముద్రంలో వదులుతాడు."

"పుల్ల చివర తిండికి అలవాటు పడింది," అన్నాడు పున్నయ్య. అది సముద్రంలో మనిషి కనపడితే పారిపోదు, ఎదురెళ్తుంది. మర్నాడే ఎవరి వలలోనో ఉంటుంది.

జ్యోతిర్మయి పెసరట్టు పళ్ళెం ముందు పెట్టి నిలబడింది. "నువ్వు చేపల్తోనే కదా బాబాయ్ జీవితమంతా గడిపింది. మొండోడితో పడేవాళ్ళెవరో నువ్వే చూడు."

నిజమే. నాగాయలంక అవతలి ఉప్పునీటి చెరువుల్లో పున్నయ్య పండుగప్ప పిల్లల్ని పెంచి తల నెరిపించుకున్నాడు. పండుగప్ప తన జాతినే మింగుతుంది. అందుకని పిల్లల్ని తరచూ పైకి తీసి, సైజుల వారీగా వేరుచేసి, ఒక సైజువి ఒక వల గదిలో వెయ్యాలి. అన్నిటికంటే ముందే ఎదిగి తోటివాటిని మింగేదాన్ని షూటరంటారు. నీళ్ళలో వెయ్యి పిల్లలు తిరుగుతున్నా అందులో షూటరెక్కడుందో పున్నయ్య గట్టు మీద నుంచే చూపించేవాడు. అతనికి తెలిసిన సూత్రం ఒకటే. నోట్లో పట్టనిదాన్ని ఏ చేపా ఏమీ చెయ్యదు. అన్నీ ఒక సైజుంటే అన్నీ బతుకుతాయి.

ఆ లెక్కనే గిలకలదిండి వెళ్ళాడు. వేలంపాట అయిపోయి హార్బరు కడుగుతున్నారు. ఏసుబాబు ఐసు పెట్టె మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ప్రాణమున్న చేపలు కావాలిరా. గాలానికి పడ్డవి. వల్లో నలిగినవొద్దు."

"కూరకా మావా?"

"చూసుకోడానికి."

"చూసుకోడానికా! మీ అమ్మాయి హోటల్లో జనం తినడం మానేసి చూసి పోతన్నారా ఏంటి?"

"అన్నీ ఒక సైజుండాలి. జానెడు మీద బెత్తెడు. నోళ్ళు కూడా సమానంగా ఉండాలి."

"సంబంధం చూత్తన్నావా మావా? జాతకాలు కూడా తెమ్మంటావా?"

ఏసుబాబు వెక్కిరించినా పని మాత్రం చేశాడు. మర్నాటికి మొండోడంతే ఉన్న ఇంకో ట్రిగ్గర్ని, అదే పొడుగున్న రెండు ఎర్ర చేపల్ని గాలి పంపు పెట్టిన డ్రమ్ములో తెచ్చాడు. పున్నయ్య జానా బెత్తెడు కొలిచి చూసి తృప్తిపడ్డాడు. తొట్టి నీళ్ళు కొద్దికొద్దిగా డ్రమ్ములో కలిపి, చేపలు ఆ నీటికి అలవాటు పడ్డాక తొట్టిలో వదిలాడు.

మొండోడు కదల్లేదు. ఒంటి రంగు ముదిరింది. వీపు ముల్లు లేచింది. ఎర్ర చేపల్ని పట్టించుకోకుండా తిన్నగా రెండో ట్రిగ్గర్ మీదికి వెళ్ళాడు. మింగడానికి కాదు. కొరికాడు, తరిమాడు, మూలకి తోశాడు, మళ్ళీ కొరికాడు. భోజనాల వేళ దాటేసరికి దాని తోక పీచులైంది. పున్నయ్య దాన్ని తీసి తొట్టి నీళ్ళతో నింపిన డ్రమ్ములో వేశాడు. అది బతికింది. సాయంత్రానికి ఏసుబాబు బోటెక్కి వెళ్ళిపోయింది. ఎర్ర చేపలు పై మూలలో ఒకదాని వెనక ఒకటి నక్కి, తిండి ముట్టలేదు. తెల్లారేసరికి ఒకటి పోయింది. రెండోదాన్ని కూడా తీసెయ్యాల్సి వచ్చింది.

దుర్గాశ్రీనివాస్ గొంతు పెంచలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ మామూలుగానే అడిగాడు.

"మావయ్యా, ఇదే మీ చెరువులో అయితే ఏం చేసేవారు?"

అడిగిందానికి జవాబు చెప్పడం పున్నయ్యకి అలవాటు. "షూటర్ని తీసేసేవాణ్ణి."

"తీసేసి?"

"కూరొండుకునేవాళ్ళం."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. జ్యోతిర్మయి గుమ్మందాకా వచ్చింది. బాబాయి మొహం వంక ఒక్కసారి చూసి, "పులుసు మాడుతోంది," అంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం ఆమె అతనికి అన్నం వడ్డించింది గానీ, ఇంకాస్త వెయ్యనా అని అడగలేదు. పున్నయ్య మజ్జిగ దాకా ఆగకుండా లేచి చెయ్యి కడుక్కున్నాడు.

చెరువులో వెయ్యింటి కోసం ఒకదాన్ని తీశాడు. అది తప్పని అతను ఎన్నడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోలేదు. కానీ ఇక్కడ వెయ్యి లేవు. ఉన్నదే ఒక్కటి. దానికి పేరుంది. పేరు పెట్టిన మనిషి అవతల పులుసు కలుపుతోంది.

కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చున్నాడు. మొండోడు కొరికినదాన్ని తినలేదెందుకు? ఆకలి కాదు. మరి ఏమిటి? చూస్తూ కూర్చుంటే ఒక సంగతి పట్టుబడింది. మొండోడు తొట్టంతా తిరగడు. ఎడం పక్క పెద్దరాయి, దాని కింద సందు, తిండి పడే మూల, ఈ మూడింటి చుట్టే కాపలా తిరుగుతాడు. రాయి దగ్గరి గులకరాళ్ళు నోటితో తీసి అవతల ఉమ్ముతాడు, ఇల్లు ఊడ్చుకున్నట్టు. వాడు కాసేది తిండి కాదు, చోటు. చోటు కాసేవాడికి పక్కవాడి సైజెంతైతే ఏం? తనలాగే ఉండి, తన సందులోనే సరిపోయేవాడే అందరికంటే పెద్ద శత్రువు. తాను వెతికి వెతికి, జానా బెత్తెడు కొలిచి, సరిగ్గా అలాంటివాణ్ణే తెచ్చి పడేశాడు.

అయితే ఆ చోటు వాడి చేత వదిలించడమెలా?

సాయంత్రం కాఫీల వేళ ఏసీ పనివాళ్ళు గొట్టాలు లాగడానికి టేబుళ్ళన్నీ జరపమన్నారు. దుర్గాశ్రీనివాస్ కుర్రాళ్ళ చేత హాలంతా తారుమారు చేయించాడు. కిటికీ పక్క టేబులు మధ్యలోకొచ్చింది, చేతులు కడిగే చోటు దగ్గరిది గోడకెళ్ళింది. ఇంతలో హిదాయతుల్లా గారు, ఆయన వెనకే చలపతిరావు గారు వచ్చారు. ఒకాయనది అత్తరు కొట్టు, ఇంకొకాయన రిటైరైన పోస్టుమాస్టరు. ఇద్దరూ రోజూ వస్తారు. ఇద్దరికీ ఆ కిటికీ పక్క టేబులే కావాలి. ముందొచ్చినాయన కూర్చుంటే, రెండో ఆయన పక్కన నిలబడి ఆయన కప్పు ఖాళీ అయ్యేదాకా సూటిపోటి మాటలంటాడు. "కాఫీ తాగుతున్నారా, కాపురం పెట్టారా?" అని ఒకరు, "నిలబడితే అరుగుతుంది లెండి, నిలబడండి," అని ఇంకొకరు.

ఆ రోజు ఇద్దరూ గుమ్మంలో ఆగి హాలంతా కలియజూశారు.

"ఇదేంటి శ్రీనివాసూ, మనం వేరే హోటలుకొచ్చామా?" అన్నారు హిదాయతుల్లా గారు.

"ఏదో ఒక చోట కూర్చోండి సార్, రెండు రోజులు సర్దుకోవాలి."

చలపతిరావు గారు దిక్కులు చూసి గోడ పక్క కూర్చున్నారు. హిదాయతుల్లా గారు గుమ్మం దగ్గర కూర్చున్నారు. కాఫీ వచ్చింది. తాగారు. వెళ్ళేటప్పుడు ఒకరికొకరు తలూపుకున్నారు కూడా.

పున్నయ్య కుర్చీలోంచి లేచాడు.

"అల్లుడు గారూ, శనివారందాకా టైముంది కదా?"

"ఉంది మావయ్యా. ఎందుకు?"

"రాళ్ళు తీసేద్దాం."

"రాళ్ళా? చేపని కదా తీసెయ్యాల్సింది!"

"చేపనీ తీద్దాం. మళ్ళీ వేద్దాం. అందరికంటే వెనక."

దుర్గాశ్రీనివాస్‌కి సగమే అర్థమైంది. వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటున్న జ్యోతిర్మయికి మాత్రం మొత్తం అర్థమైంది. "కొత్త కాపురం అందరికీ ఒకేసారి పెట్టిస్తావన్నమాట!" అంది.

ఏసుబాబు ఈసారి టీ గ్లాసు కింద పెట్టి విన్నాడు.

"ఒకదానికొకటి పోలికుండకూడదురా. ఒకటి అడుగున పడుకునేది, ఒకటి గొట్టంలో దూరేది, ఒకటి ఊరికే తిరిగేది. మొండోడి నోట్లో ఏదీ పట్టకూడదు. మొండోణ్ణి నోట్లో పట్టేదీ ఉండకూడదు."

"మొన్న అన్నీ ఒకటే ఉండాలన్నావు?"

"మొన్న తెలీదు."

"లయన్ ఫిష్ ఉంది మావా, ముళ్ళూ రెక్కలూ ఇప్పుకుని నెమలిలా ఉంటది. జనం కళ్ళప్పగించేత్తారు."

పున్నయ్య ఆలోచించాడు. చెన్నై చేపల్లో ముందు పోయినవి పొడుగు రెక్కలవేనని జ్యోతిర్మయి చెప్పింది. "ఒద్దు. వేలాడే రెక్క కనపడితే వీడికి నోరూరుతుంది. పొట్టి రెక్కలవి చూడు."

శుక్రవారం పొద్దున్నే పని మొదలైంది. మొండోడు సందులో ముల్లు బిగించుకుని రానన్నాడు. లాగితే రాడు. రాయితో సహా ఎత్తి, తొట్టి నీళ్ళున్న థర్మోకోల్ పెట్టెలో పెట్టి, గాలి గొట్టం వేసి మూత కప్పారు. కాసేపటికి తనే వదిలి బయటికొచ్చాక రాయి తీసేశారు. దుర్గాశ్రీనివాస్ చొక్కా విప్పి బనీనుతో తొట్టిలోకి వంగాడు. ఎడం రాళ్ళు కుడికి, కింది రాళ్ళు పైకి. ఒక పక్క గుహ, ఇంకో పక్క పీవీసీ గొట్టం, రాళ్ళ మధ్య రకరకాల సందులు. తిండి వేసే చోటు కూడా మార్చారు.

"అటు కాదండీ, ఆ రాయి ఇంకొంచెం వెనక్కి," అంది జ్యోతిర్మయి.

"మా అమ్మ ఇల్లు కూడా ఇన్నిసార్లు సర్దలేదే బాబూ."

"అదే కదా నేననేది! నేను కాపురానికొచ్చినప్పుడు మీ అమ్మగారు ఒక్క పీట కూడా కదపలేదు. మొండోడి అదృష్టం నాకేదీ?"

పున్నయ్య నవ్వు పైకి రానివ్వకుండా గొట్టం సరిచేశాడు.

కొత్తవి దిగాయి. మచ్చల గ్రూపర్ చేప మొండోడికంటే కాస్త పెద్దది. నేరుగా గుహలోకి పోయి బోర్లా పడుకుంది. పాము చేప గొట్టంలో దూరి తల మాత్రం బయట పెట్టింది. గుండ్రటి బుడగ చేప ఒకటి, ఎవరైనా బెదిరిస్తే ఉబ్బేది, తొట్టంతా చూడవచ్చిన చుట్టంలా తిరిగింది. సాయంత్రానికి మూడూ తిండి తిన్నాయి.

శనివారం పొద్దున్న ఏసుబాబు బకెట్టు పట్టుకుని మాట ప్రకారం వచ్చేశాడు. గోడకి జారబడి నిలబడ్డాడు. దుర్గాశ్రీనివాస్ థర్మోకోల్ పెట్టె మూత తీశాడు. జ్యోతిర్మయి దగ్గరికి రాలేదు. కౌంటరు దగ్గరే ఆగి, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

పున్నయ్య మొండోణ్ణి గిన్నెతో వదిలాడు.

మొండోడు కిందికి దిగి ఆగాడు. ఒంటి రంగు వెలిసిపోయింది. ఎడమ పక్కకి వెళ్ళాడు. పెద్దరాయి లేదు. సందు లేదు. వెనక్కి తిరిగాడు. తిరుగుతూ తిరుగుతూ గుహ ముందుకి వచ్చాడు. గ్రూపర్ మొప్పలు విప్పి నోరంతా తెరిచింది. మొండోడి వీపు ముల్లు లేచింది.

"అయిపోయింది," అన్నాడు దుర్గాశ్రీనివాస్ మెల్లగా.

పున్నయ్య చెయ్యెత్తాడు, ఆగమన్నట్టు.

రెండు చేపలూ మొహమ్మొహం పెట్టి నిలబడ్డాయి. గ్రూపర్ ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు. మొండోడు ఒక కన్ను దాని మీద, ఇంకో కన్ను కుడి పక్క రాళ్ళ మీద వేశాడు. ముల్లు కాస్త వాలింది. పక్కకి తిరిగి వెళ్ళిపోయాడు. బుడగ చేప చూద్దామని వెంటపడింది. దాన్ని తరిమాడు. సగం దూరం తరిమి ఆగాడు, ఎక్కడిదాకా తరమాలో తెలియనట్టు. కుడి పక్క పై రాయిలో ఒక సందు ఇరుకుగా ఉంది, పట్టలేదు. దాని పక్కది చూశాడు. తల పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఈసారి మొత్తం దూరాడు. ముల్లు బిగించాడు.

ఏసుబాబు బకెట్టు కింద పెట్టాడు.

"రొయ్యలు తెండి," అన్నాడు పున్నయ్య.

ఒక్క చోట వేస్తే మళ్ళీ కొట్టుకుంటాయని తలో చోట నిలబడ్డారు. గ్రూపర్‌కి పున్నయ్య, బుడగ చేపకి దుర్గాశ్రీనివాస్, కుడి చివర జ్యోతిర్మయి. పాము చేపకి గొట్టం ముందే ముక్క జారవిడిచారు. అన్నీ ఒకేసారి. జ్యోతిర్మయి పుల్ల నీళ్ళలో పెట్టగానే సందులోంచి మొండోడు బయటికొచ్చాడు. రొయ్య లాక్కున్నాడు. పుల్ల కూడా కొరికాడు. ఎటూ చూడకుండా నములుతూ తన కొత్త సందు ముందు నిలబడ్డాడు. అవతల గ్రూపర్ తింటోంది, ఇవతల బుడగ చేప తింటోంది. ఎవరి దగ్గరికీ ఎవరూ పోలేదు.

జ్యోతిర్మయి పుల్ల వదిలేసి స్టూలు మీద కూలబడింది. కళ్ళు తుడుచుకుంది, నవ్వింది. "బాబాయ్, పుల్ల కూడా కొరికాడు చూశావా!"

"చూశాను," అన్నాడు పున్నయ్య. నీళ్ళలో తేలుతున్న పుల్లని తీసి ఆమె చేతికిచ్చాడు.

"అంటే నా బకెట్టు ఖాళీగానే పోవాలన్నమాట," అన్నాడు ఏసుబాబు.

"ఖాళీగా ఎందుకురా? లోపల నిన్నటి పులుసుంది, పోసుకుపో," అన్నాడు దుర్గాశ్రీనివాస్. చొక్కా తొడుక్కోవడం మరిచి బనీనుతోనే తొట్టి ముందు నిలబడి, చేప నుంచి చేపకి చూస్తున్నాడు. "మావయ్యా, తర్వాతెప్పుడైనా తిరగబడితే?"

"కడుపు నిండా పెట్టండి. రాళ్ళ జోలికి పోకండి. తిరగబడితే ఫోను చెయ్యండి."

ఆదివారం ఏసీ హాలు తెరిచారు. జనం కిటకిటలాడుతున్నారు. గుడివాడ నుంచి కార్లో వచ్చిన బలమైన మనిషొకడు తొట్టి దగ్గర నిలబడి, మొండోణ్ణి కదిలిద్దామని ఉంగరం వేలితో అద్దం మీద టకటకా కొట్టాడు. నాలుగు విస్తర్ల అవతల వడ్డిస్తున్న దుర్గాశ్రీనివాస్ సాంబారు గిన్నె ఎవరి చేతికో ఇచ్చేసి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"అద్దం కొట్టకండి సార్. మావాడు కొత్త చోట ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నాడు. వాడికసలే కోపం జాస్తి."

జ్యోతిర్మయి ఆ మాట విని వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. తర్వాత గరిటె పట్టుకుని పున్నయ్య విస్తరి దగ్గరికొచ్చి, వద్దంటున్నా వినకుండా పులుసు పోసేసింది.